పైకప్పు లేని గది

రేఖ చేసిన జొన్నరొట్టె మొదటిసారి పొంగిన క్షణంలోనే బయట ఫోను మోగింది.

పెండ్లై వచ్చిన నాటి నుంచి ఆమె చేతి రొట్టె ఏదో ఒక పేచీ పెడుతూనే ఉంది. ఒకనాడు అంచులు పగిలేవి, ఒకనాడు పెనం మీద పడకముందే రెండు ముక్కలయ్యేది. సతీష్ ప్లేటు ముందర కూర్చుని, "ఇయ్యాల కర్ణాటక చేసినవా? నిన్న మహారాష్ట్ర చేస్తివి," అని పటం చూసినట్టు చూసేవాడు. వనపర్తిలో బీఎస్సీ చదివిన పిల్ల, రొట్టె ముందు ఓడిపోవడమేమిటని రేఖకు పట్టుదల. ఆ పొద్దున పిండిలో వేన్నీళ్లు కాస్త ఎక్కువ పోసి, అత్తమ్మ చేసినట్టే అరచేతి మొదలుతో మెదిపి, గుండ్రంగా తట్టి వేసింది. రొట్టె ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. ఆమె గుండె కూడా దానితోపాటే లేచింది.

"అత్తమ్మా, పొంగింది. చూడుండ్రి."

పుంటికూర తెంపుతున్న బుజ్జమ్మ తల తిప్పేలోపల సతీష్ వాకిలి ముందు నిలబడ్డాడు. ఫోను ఇంకా చెవికే ఉంది.

"ఏందిరా, ఎవరు?" అంది బుజ్జమ్మ.

"కంపెనీ భానుప్రకాశ్ సారు," అన్నాడు సతీష్. "మన విత్తనం పాసైందంట."

బుజ్జమ్మ ఒళ్లో ఉన్న పుంటికూర అట్లాగే కింద పడింది. కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "నీకు స్తోత్రం ప్రభువా," అని ఊరుకుంది. రేఖ లేచి సతీష్ చేయి పట్టుకుంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వుతుండగా మాడు వాసన వచ్చింది. మొట్టమొదట పొంగిన రొట్టె పెనం మీద బొగ్గయి కూర్చుంది. సతీష్ దాన్ని ముక్క వదలకుండా తిన్నాడు. "పాసైన రొట్టె," అన్నాడు నల్లటి పళ్లతో.

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి వేసేవాళ్లకు ఆ 'పాస్' అనే మాట ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు. మామూలు పత్తి అయితే పువ్వు దానంతట అది పూసి కాయ అవుతుంది. విత్తన పత్తి అట్లా కాదు. సాయంత్రం చెట్టు చెట్టుకు తిరిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను గుర్తుపట్టి, గోటితో వాటి లోపలి పుప్పొడి గొట్టాన్ని ఒలిచేయాలి. పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి ఒక్కొక్క మొగ్గకూ పుప్పొడి అద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఆదివారం, పండుగ, జ్వరం, పెండ్లి ఏదీ దానికి పట్టదు. ఈ రోజు గిల్లని మొగ్గ రేపు తనంతట తాను పూస్తుంది. పూసినదాన్ని పొద్దున్నే తెంపి పారేయాలి. తెంపకపోతే కాయ నిండుగానే కాస్తుంది, అయితే ఆ గింజ కల్తీ. విత్తనం అమ్మినాక కంపెనీ వాళ్లు నమూనా తీసుకుపోయి, వేరే చోట నాటి, మొక్కలు పెరిగినాక చూసి పాసో ఫెయిలో చెప్తారు. పాసైతేనే డబ్బు చేతికొస్తుంది. ఈసారి ఆ కబురు ఎన్నడూ లేనంత ఆలస్యమై, కొత్త పంటలో క్రాసింగ్ నడుస్తుండగా వచ్చింది.

ఆ కబురు మీద రేఖకు ఒక సొంత ఆశ కూడా ఉంది. పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడే ఆశ. మల్దకల్ దాటినాక ఉన్న ఆ ఊర్లో వాళ్లది ఒక్క గది ఇల్లు. కొత్త జంటకని మామ మాసయ్య పక్కన ఇంకో గది లేపి, గోడల వరకు వచ్చాక చేతిలో ఏమీ లేక ఆగిపోయి, కూలీ పనికి పూణె పోయాడు. పెండ్లైన నాటి నుంచి రేఖా సతీషూ ఉన్న గదిలోనే, బుజ్జమ్మ పాత చీర అడ్డం కట్టుకుని ఆ పక్కన పడుకుంటున్నారు. ఈ పక్కన బుజ్జమ్మ దగ్గితే వాళ్లిద్దరూ నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకునేవాళ్లు. విత్తనం పాసైతే ఆ గదికి రేకులు పడతాయి.

రేకులు లేని ఆ గదిలోనే రోజూ పొద్దుగూకగానే వాళ్లిద్దరి ప్రార్థన.

అది పెండ్లికి ముందు కుదిరిన మాట. దూరపు వరుసకు బావే అయినా అంతకుముందు రేఖకు సతీష్ పెద్దగా తెలియదు. నిశ్చయమైనాక ఒకనాడు ఫోనులో అన్నాడు, "రేఖా, ఒక మాట ముందే చెప్త. మీ ఇంట్ల లెక్క నాకు గట్టి నమ్మకం లేదు. అమ్మ రమ్మంటే చర్చికి పోత. కండ్లు మూసుకుంట. అవతల ఎవరన్న ఇంటున్నరా లేదా నాకు తెల్వదు. అబద్ధం చెప్పి పెండ్లి చేసుకునుడు మంచిగుండదు."

రేఖకు భయం వేయాలి. వేసింది కూడా. కాని ఇంత నిజం చెప్పినవాడు దేవుడితో కూడా ఒకనాటికి నిజంగానే మాట్లాడతాడని అనిపించింది. "అయితే ఒక పని చెయ్ బావా. రోజూ సాయంత్రం నా పక్కన కూసో. అంతే," అంది.

"నువ్వు పిలువు. నేను కూసుంట," అన్నాడతను.

ఆ మాట తప్పలేదు. చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆమె పిలవగానే వచ్చి ఆకాశం కనిపించే ఆ గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆమె పాట ఎత్తుకునేది, అతను ఒక అడుగు వెనక గొణిగేవాడు. ప్రార్థన ఆమె చేసేది, ఆమెన్ మాత్రం అతనిది. రోజులు గడిచేకొద్దీ ఆ ఆమెన్ కొంచెం కొంచెంగా గట్టిపడుతోందని రేఖకు తెలుస్తూనే ఉంది. రొట్టె పొంగడం కంటే మెల్లగా జరిగే పని అది. ఆమె చెడగొట్టదలుచుకోలేదు.

కబురు వచ్చిన రోజు సాయంత్రం పాట గోడలు దాటి ఊరంతా వినిపించింది. ఆదివారం చర్చిలో సాంసన్ అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నప్పుడు బుజ్జమ్మ లేచింది. రేఖ మోచేత్తో సతీష్‌ను పొడిచింది. అతను కదల్లేదు.

బయటికి వచ్చాక మెల్లగా అన్నాడు, "మనది పాసైందని నేను నిలబడి చెప్తే, భీమమ్మ పెద్దమ్మ మొఖం ఏడ పెట్టుకోవాలె? ఆమెది ఫెయిలైంది. ఆమె మనకంటే ఎక్కువనే ప్రార్థన చేసింది గదా?"

భీమమ్మది పక్కిల్లే. రెండిళ్లకూ నడుమ ఆ గది గోడ ఒక్కటే. భర్త లేడు, కూతుర్లు పెండ్లిళ్లై పోయారు. కౌలు చేను తీసుకుని ఒక్కతే విత్తన పత్తి చేస్తుంది. పుట్టిల్లు రాయచూరు వైపు కాబట్టి ఏది విన్నా ముందు, అట్లనా అన్నట్టు, కన్నడంలో "హౌదా" అంటుంది. ఆ ఆదివారం కూడా ఆమె చర్చికి వచ్చింది. పాడలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చుని, అయిపోగానే వెళ్లిపోయింది.

సతీష్ అడిగినదానికి జవాబు ఆలోచించి చెప్తాననుకుంది రేఖ. అంతలోనే రేకులు వచ్చాయి.

ఇక ఆ సంబరం ఏమని చెప్పాలి. ట్రాక్టరు వాకిట్లో ఆగి, మెరిసే రేకులు ఒకదాని మీద ఒకటి చప్పుడు చేస్తూ దిగుతుంటే రేఖ ఆ చప్పుడుకే పాట కట్టింది. బిగించేవాళ్లకు మూడుసార్లు చాయ్ పెట్టింది. మొదటి రాత్రి కొత్త కప్పు కింద ఇద్దరూ పడుకుని, ఎవరూ దగ్గకపోవడం ఎంత బాగుందోనని ఊరికే నవ్వుకున్నారు. మర్నాడు సాయంత్రం ఫ్యాను కొనడానికి గద్వాల పోవాలి. చేనులో ఆనాటి మొగ్గలు గిల్లే పని చివరికి వచ్చింది. మగ చెట్ల పక్కనున్న ఒక్క సాలు మాత్రం మిగిలింది. బస్సు టైమవుతోంది.

"ఈ ఒక్క సాలు ఇడిచిపెడదాం బావా. పొద్దున పూసినయి తెంపుకుందాం," అంది రేఖ.

చిన్నప్పుడు సెలవులకు గట్టు మండలంలోని తన సొంత పెద్దమ్మ ఊరికి పోయి క్రాసింగ్ చేసిన పిల్ల ఆమె. సతీష్ కంటే ఆమె గోరే చురుకు. ఆమె అంటే సతీష్‌కు ఇంకేం కావాలి. పరుగెత్తి బస్సెక్కారు. గద్వాలలో ఫ్యాను, నీలం పూల దుప్పటి కొన్నారు, వేడి మిర్చి బజ్జీ తిన్నారు. ఫ్యాను పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మీద చేతులు కలుపుకుని ఇంటికొచ్చారు. మర్నాడు పొద్దున ఫ్యాను బిగించే మనిషి వచ్చాడు. సాలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం పిలుపు కూడా అట్లాగే జారిపోయింది. రేకులు బిగించిన రోజు గది నిండా మనుషులు. గద్వాల పోయిన రోజు వచ్చేసరికి చీకటి. తర్వాతి రోజు ఫ్యాను కింద పడుకుని వనపర్తిలో ఉన్న అక్కతో ఫోనులో గది గురించి చెప్తుంటే పొద్దే తెలియలేదు. ఆ తర్వాత కారణం కూడా లేదు. రేఖకు నొప్పిగా అనిపించి ఉంటే ఆగేదేమో. ఏ నొప్పీ లేదు. అన్నం రుచిగానే ఉంది, నిద్ర బాగానే పడుతోంది, రొట్టెలు కూడా ఇప్పుడు పొంగుతున్నాయి.

ఒకనాడు పొద్దుగూకే వేళ భీమమ్మ మజ్జిగ తోడుకోసం గిన్నె పట్టుకుని వచ్చింది.

"గది జూస్త ఉండు కోడలా," అని లోపలికి తొంగి చూసింది. "మస్తున్నది. ఫ్యాను గూడ పెట్టినరా?"

"పెట్టినం అత్తా. కూసోండ్రి జరసేపు, గాలి తగుల్తది."

"హౌదా," అని భీమమ్మ మంచం అంచున కూర్చుంది. కాసేపు ఫ్యాను వైపే చూసి, "రేకులు పడ్డయి గదా, అందుకే ఇనబడుతలేదనుకున్న," అంది.

"ఏందత్తా?"

"మీ పాట."

రేఖ చేతిలో తోడు గిన్నె ఆగింది.

"నీతోని చెప్తె ఏముంది గాని," అంది భీమమ్మ. "ఫెయిలైనప్పుడు కోపమొచ్చింది బిడ్డా. కంపెనీ మీద కాదు, పైనున్న ఆయన మీద. ఆయనతోని మాట్లాడుడు బందు పెట్టిన. ఇగ పాడొద్దు, ఏమొద్దు అనుకున్న. అయినా పొద్దుగూకితే ఆ గోడకాడ కూసుంటుంటి. మీరు పాడుతుంటే లోపల్లోపల నాది గూడ అట్లనే నడుస్తుండె. నోరు బందు పెట్టిన గాని చెవులు బందు పెట్టలే." ఆమె నవ్వింది. "ఆ తర్వాత మీ పాట రాలే. రేకులు పడ్డయి, గాలి అటు పోతలేదేమో అనుకున్న."

రేకులదే తప్పని ఒప్పుకుంటే సరిపోయేది. "రేకులు కాదత్తా," అంది రేఖ. "మేమే పాడుతలేం."

"హౌదా," అంది భీమమ్మ. ఈసారి అది వేరే హౌదా. తోడు గిన్నె తీసుకుని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి రేఖ పిలుద్దామనుకుంది. పిలవలేకపోయింది. అలవాటు తప్పిన పిలుపు కొత్త చీరలా బిరుసుగా ఉంది, ఒంటికి ఆనడం లేదు. సతీష్ ఏమనుకుంటాడో. ఎందుకిప్పుడు, గదొచ్చింది కదా అంటాడేమో. అసలు అతనికి గుర్తే లేదేమో. పెండ్లికి ముందు తన పుట్టింటి ఊరి పాస్టరమ్మ చెప్పిన మాట ఒకటి మనసులో మెదిలింది. నమ్మకం గొడవపడి ఇంట్లోంచి పోదమ్మా, చెప్పకుండా పోతుంది, అందుకే రోజూ ఒకరినొకరు చూసుకుంటుండాలి అనేదామె. అప్పుడు రేఖ అది సతీష్ లాంటి వాళ్లకోసం చెప్పిన మాట అనుకుంది.

మర్నాడు సాయంత్రం చేనులో మగ చెట్ల పక్క నుంచి సతీష్ కేకేశాడు.

"రేఖా, ఇటు రా. ఇదేందిది?"

గద్వాల పోయిన రోజు వదిలేసిన సాలు అది. తెల్లగా పూసిన పూలు గులాబీ రంగుకు తిరిగి, వాడి, కొన్ని రాలిపోయి ఉన్నాయి. వాటి కింద శనగగింజంత కాయలు పచ్చగా, నిండుగా నిలబడి ఉన్నాయి. చూడటానికి ఏ లోపమూ లేదు. ఇంకో వారం పోతే మంచి కాయకూ దానికీ తేడా చెప్పడం ఆమెకు కూడా కష్టమే.

"పొద్దున తెంపుదామంటివి," అన్నాడు సతీష్.

"అన్న. మర్శిన."

"అమ్మ తిడుతదని భయపడకు. అమ్మకు నేను చెప్త, నేనే మర్శిన అని." అతను నవ్వుతూ ఒక కాయను వేలితో తట్టాడు. "ఎంత మంచిగున్నయో చూడు దొంగ కాయలు. పరీక్ష దాక ఎవ్వరికి దొరకవు."

రేఖ గట్టు మీద కూర్చుంది. కళ్లు నీళ్లతో నిండాయి. సతీష్ నవ్వు ఆపాడు.

"ఏమైంది? ఒక సాలు గింతదానికి ఏడుస్తరా?"

"నేను నిన్ను పిలుస్తలేను బావా," అంది.

అతను ఏ పిలుపని అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని, చేతికి అంటిన పుప్పొడి దులుపుకున్నాడు.

"చూస్తున్న," అన్నాడు. "రేకులోళ్లున్న దినం సరే అనుకున్న. ఫ్యాను తెచ్చిన దినం సరే అనుకున్న. తెల్లారి కాళ్లు కడుక్కొని వచ్చి గోడకు ఆనుకొని కూసుంటి. నువ్వు అక్కతోని ఫోన్ల నవ్వుకుంట ఉన్నవ్."

"మరి నువ్వు పిలవొచ్చు గదా."

"పిలిచేది నువ్వు, కూసునేది నేను. మాట గదే గదా?" గడ్డిపోచ ఒకటి తెంపాడు. "ఒకటి చెప్తే ఏడవొద్దు."

"ఎట్లన్న ఏడుస్తనే ఉన్న. చెప్పు."

"రేఖకే అవసరం లేనిది నాకెందుకు అనుకున్న. అమ్మది అలవాటు, రేఖది గది దాక, ఇగ అవతల ఎవ్వరు లేరు అనుకున్న. గట్ల అనుకుంటే బాధ అయితదేమో అని చూసిన. కాలే. మంచిగ నిద్ర పట్టింది." అతను ఆమె వైపు తిరిగాడు. "తెల్లారి లేచినంక భయమైంది. అంత అల్కగ పోతదా అని."

ఇన్నాళ్లూ తానే అతన్ని చేయి పట్టుకుని నడిపిస్తున్నాననుకుంది రేఖ. అతని భయం విన్నాక, ఆ భయమే తనకు రాలేదని తెలిసింది. తనకు భయం కూడా వేయనంత దూరం తాను పోయింది. నమ్మకం లేదన్నవాడు గోడకు ఆనుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"నాకు ఆ భయం గూడ రాలే బావా," అంది. "నీకంటే నేనే ఎక్కువ దూరం పోయిన."

"గట్లయితే ఇద్దరం ఒక్కదగ్గరనే ఉన్నం," అన్నాడు సతీష్. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"పెద్దమ్మది ఫెయిలైంది, మనది పాసైంది, ఎందుకని అడిగితివి గదా. నాకు తెల్వదు," అంది ముక్కు తుడుచుకుని. "నిన్న ఆమె మనింటికొచ్చింది. కోపం మీద ఆయనతోని మాట్లాడుడు బందు పెట్టిందంట. అయినా రోజూ గోడకాడ కూసుంటదంట, మన పాట కోసం."

"అటు ఆమె, ఇటు నేను," అన్నాడు సతీష్. "నడుమ గోడ."

"ఇప్పుడే చేద్దాం. ఇంటిదాక ఆగొద్దు."

"చేతులకు మట్టి."

"ఉండనియ్."

ఆమె కళ్లు మూసుకుని నోరు తెరవబోయేలోపల సతీష్ గొంతు వినిపించింది. పెండ్లైన నాటి నుంచి ప్రార్థనలో ఆమెన్ తప్ప వేరే మాట పలకని గొంతు.

"ప్రభువా," అన్నాడు. తర్వాత ఏమనాలో తెలియక దగ్గాడు. "గది మంచిగున్నది. ఫ్యాను గూడ మంచిగున్నది. మేము నిన్ను మర్శినం. నువ్వు ఇంటున్నవో లేదో నాకింక పూర్తిగ తెల్వదు. అయినా నీతోనే చెప్తున్న, ఇంకెవరికి చెప్పాలె. మమ్ములను గిట్ల నిద్రపోనియ్యకు. పెద్దమ్మ కోపంల ఉన్నది, జర చూడు." కళ్లు తెరిచి, "రేఖా, అయిపోయింది," అన్నాడు.

"ఆమెన్," అంది రేఖ. ఆ రోజు ఆమెన్ ఆమె వంతు.

తర్వాత ఇద్దరూ లేచి సాలుకు చెరో పక్క నిలబడి ఆ కాయలను తెంపడం మొదలుపెట్టారు. అంత నిండుగా ఉన్నవాటిని తెంపుతుంటే చేయి రాదు. సతీష్ ఒక్కొక్కదాన్ని తెంపి "పో," అంటూ విసిరాడు. అది అయ్యాక రేపటి మొగ్గలు గిల్లారు, ఒక్కటి కూడా వదలకుండా. చీకటి పడుతుంటే రేఖ చెట్టు చెట్టు దగ్గర వంగి మళ్లీ చూసుకుంటూ వచ్చింది. అతను ఆటపట్టిస్తూ వెనక నడిచాడు.

ఇంట్లో బుజ్జమ్మ అన్నం పెట్టింది. జరిగిందంతా సతీష్ దాచకుండా చెప్పాడు, సాలు సంగతి, పిలుపు సంగతి. బుజ్జమ్మ కోడలి వైపు చూసింది.

"నేను గూడ అడగకపోతి," అంది. "కొత్త గది, కొత్త పిల్లలు, మధ్యల నేనెందుకు అని ఊకున్న. అడగాల్సుండె."

"అయితే ఇనుండ్రి," అన్నాడు సతీష్, చేతిలోని రొట్టెను రెండుగా విరుస్తూ. అది గుండ్రంగా ఉంది, కాని ఆ సంగతి ఎత్తలేదు. "రేపు మన గిల్లుడు అయినంక పెద్దమ్మ చేనుకు పోదాం. ఒక్కతే గిల్లుతున్నది, పొద్దుగూకేదాక అయిపోదు. ముగ్గురం పోతే తొందరగ అయితది. ఆడికెల్లి సీద ఆమె ఇంటికే. ప్రార్థన ఆమె అరుగు మీద."

"ఆమె పాడుతదంటవా?" అంది బుజ్జమ్మ.

"పాడకపోతే పక్కన కూసుంటది. నేను గూడ గట్లనే మొదలుపెట్టిన గదా." సతీష్ రేఖ వైపు తిరిగాడు. "ఇంకోటి. రేపు పిలిచేది నేను. నువ్వు కూసో."